మూల్యమునకు ప్రమాణమేది?

కొత్తగా పుట్టిన సాంకేతిక సంస్థల డిపాజిట్లతో వర్ధిల్లిన కాలిఫోర్నియాలోని సిలికాన్ వ్యాలీ బ్యాంకు, 2022 డిసెంబరు 31 నాటి తన ఆస్తి అప్పుల పట్టికలో, గడువు తీరువరకు అట్టిపెట్టుకొనదలచిన బాండ్ల విలువను దాదాపు 9,100 కోట్ల డాలర్లుగా చూపెను. అవే బాండ్లకు ఆనాటి విపణిలో వచ్చు ధర దాదాపు 7,600 కోట్ల డాలర్లేనని ఆ వార్షిక నివేదికయే మరియొక చోట తెలుపుచుండెను. దాచినదేమియు లేదు, రెండంకెలును అచ్చులో ఉండెను. కాని వాని నడుమనున్న 1,500 కోట్ల డాలర్ల అంతరము బ్యాంకు సొంత మూలధనమంతటితో ఇంచుమించు సరితూగునంతటిదని గమనించినవారు స్వల్పము. మరుసటి యేడు మార్చి 8వ తేదీన, వేరొక వర్గములోనున్న 2,100 కోట్ల డాలర్ల బాండ్లను అమ్మి 180 కోట్ల డాలర్లు నష్టపోయితిమని బ్యాంకు ప్రకటించినంతనే అందరి చూపును ఆ రెండవ అంకెపై పడెను. 9వ తేదీ ఒక్కనాడే ఖాతాదారులు 4,200 కోట్ల డాలర్లు వెనుకకు తీసికొనిరి. 10వ తేదీన అధికారులు బ్యాంకును మూసివేసిరి.

ఆ బాండ్లలో అధికభాగమునకు ప్రభుత్వ సంస్థల పూచీ కలదు. అసలుగాని వడ్డీగాని మునిగిపోవునన్న భయము వానియెడ లేకుండెను. నష్టమునకు కారణము వడ్డీరేట్ల పెరుగుదల. నూరు రూపాయల ముఖవిలువ గల పదేండ్ల బాండు యేటేట ఆరు రూపాయల వడ్డీ నిచ్చుననుకొందము. అది చేతికి వచ్చిన కొలది దినములకే కొత్త బాండ్లపై ఏడు రూపాయల వడ్డీ దొరకుచున్నచో, పాతదానిని నూటికి కొనువాడెవడు? పదేండ్లపాటు యేటేట తక్కువపడు ఆ రూపాయిని లెక్కగట్టి, కొనువాడు 92 రూపాయల 98 పైసలకు మించి యీయడు. వడ్డీ ఎనిమిదికి పెరిగినచో ధర 86 రూపాయల 58 పైసలకు దిగును. గడువు తీరువరకు కాచుకొనగలిగినవానికి నూరును చేరును, నిజమే. కాని డిపాజిటుదారు వాకిట నిలిచి తన సొమ్ము తనకిమ్మని అడిగిననాడు ఆ బాండు నూరు రూపాయలు కాదు.

ఈ రెండవ అంకెనే లెక్కల శాస్త్రమున ఫెయిర్ వేల్యూ అందురు. సముచిత మూల్యమని మనము వ్యవహరింతము. దీనిని గట్టు విధానమును అమెరికాలోని లెక్కల ప్రమాణ మండలి 2006లో ఒక సూత్రముగా క్రోడీకరించెను. 2011లో అంతర్జాతీయ మండలి తన 13వ ప్రమాణముగా వెలువరించెను. 2015 ఫిబ్రవరిలో భారత ప్రభుత్వము దానినే ఇండ్ ఏఎస్ 113 అను పేర మన కంపెనీలకు విధించెను. 500 కోట్ల రూపాయలు అంతకు మించిన నికర విలువ గల కంపెనీలు 2016 ఏప్రిల్ 1 నుండియు, లిస్టయిన ఇతర కంపెనీలును 250 కోట్లకు పైబడిన తక్కినవియు ఆ మరుసటి యేటి నుండియు ఈ కొత్త ప్రమాణముల మార్గమున నడచుచున్నవి.

ఆ ప్రమాణము చెప్పు నిర్వచనము చిన్నదే. కొలతదినమున, విపణిలోని భాగస్వాముల నడుమ క్రమబద్ధముగా జరుగు లావాదేవీలో, ఆస్తిని అమ్మినచో వచ్చునట్టిదియు, అప్పును మరొకరికి బదలాయించినచో చెల్లింపవలసినట్టిదియు నగు ధరయే సముచిత మూల్యము. ఇందులోని ప్రతి పదమును వెనుక ఒక వివాదము నుండి పుట్టినదే. కొలతదినమున అనగా నిన్నటి ధరయు కాదు, వచ్చే సంవత్సరము పెరుగునన్న ఆశయు కాదు. భాగస్వాములు అనుటలో, సొంతదారునకు ఆ ఆస్తిపై గల మమకారమునకుగాని, దానిని అమ్మబోనను అతని సంకల్పమునకుగాని చోటులేదని అర్థము. క్రమబద్ధముగా అనునది మిక్కిలి కీలకము. అప్పులవాడు గుమ్మమున కూర్చుండగా గత్యంతరము లేక అయినకాడికి తెగనమ్ముకొన్న ధర, ఎంత నిజముగా చేతికి వచ్చిన ధర అయినను, సముచిత మూల్యమునకు సాక్ష్యము కానేరదు. కొన్న ధర యెంత అను ప్రశ్న ఇందులో ఎక్కడను లేదని పాఠకుడు గమనింపవలెను. పాత లెక్కలకు ఆధారము ఆ ప్రశ్నయే. కొత్త లెక్కలు ఆస్తిని విడిచిపెట్టు వాకిట నిలిచి కొలుచును.

అయినచో ఆ ధరను తెలిసికొనుటెట్లు? ఇక్కడనే ఈ విషయము నాకు కేవలము లెక్కల శాస్త్రముగా గాక జ్ఞానశాస్త్రముగా అగపడును. ఒక వస్తువును మనము ఎట్లెరుగుదుము అని విచారించిన మన నైయాయికులు ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని నాలుగు ప్రమాణములు చెప్పిరి. లెక్కల ప్రమాణకర్తలు లెవల్ 1, లెవల్ 2, లెవల్ 3 అని మూడు మెట్లు చెప్పిరి. వరుస భిన్నమైనను, వీరు చేసినది తమకు తెలియకయే ఆ పాత విచారణయే అని నా భావము.

మొదటి మెట్టు ప్రత్యక్షము. అచ్చముగా ఆ షేరే, ఆ బాండే, చురుకుగా క్రయవిక్రయములు జరుగు విపణిలో ఆనాడు పలికిన ధర కంటికి కనబడుచున్నప్పుడు దానికి మార్పు చేర్పులు లేవు. ధరను సంఖ్యతో గుణించుటయే పని. ఒక సంస్థ చేత మరియొక కంపెనీ షేర్లు పదిలక్షలున్నవి. స్టాక్ ఎక్స్ఛేంజిలో ఆ షేర్లు దినమునకు ఇరువదివేలే చేతులు మారుచున్నవి. పదిలక్షలును ఒక్కసారి అమ్మబోయినచో ధర కుప్పకూలునని పసివానికిని తెలియును. అయినను, అట్లు కూలునన్న ఊహతో ధరను తగ్గించి వ్రాయుటను ఈ ప్రమాణము నిషేధించినది. మొదటిసారి చదివినవారికి ఇది మొండితనముగా తోచును. కాని ఆ ఊహకు చోటిచ్చిన మరుక్షణము, నూటికి పది తగ్గించిన సంస్థయు, ఇరువది తగ్గించిన సంస్థయు, ఏమియు తగ్గింపని సంస్థయు ఒకే షేరునకు మూడు ధరలు వ్రాయును. ప్రత్యక్షమున్నచోట ఊహకు పనిలేదన్న కట్టుబాటు ఆ పోకను అరికట్టుచున్నది. ఇందులో ప్రమాణకర్తలదే సరియైన మార్గమని నేను నమ్ముచున్నాను.

రెండవ మెట్టు ఉపమానము. మన దేశములో కంపెనీలు జారీచేసిన బాండ్లలో వారములు, నెలలు గడచినను క్రయవిక్రయము లేనివి కొల్లలు. అట్టిదానికి ధర కట్టవలెనన్న, దానిని పోలినది ఏదియో చూడవలెను. అయిదేండ్ల గడువు గల ప్రభుత్వ బాండుపై రాబడి నూటికి ఏడు అని దినదినము ప్రకటింపబడు పట్టికలో ఉన్నది. ఈ కంపెనీ వంటి రేటింగు గలవారు ప్రభుత్వముకంటె ఒకటిన్నర శాతము అధికముగా చెల్లించుచున్నారని ఇతర బాండ్ల లావాదేవీలు చెప్పుచున్నవి. రెండును కలిపిన ఎనిమిదిన్నర. మన బాండు ఎనిమిది శాతము వడ్డీ ఇచ్చునదైనచో, దాని ధర 98 రూపాయల 3 పైసలు. ఈ ధరను ఎవరును కంటితో చూడలేదు. కాని దానిని కట్టిన ఇటుకలన్నియు కంటితో చూచినవే.

ఈ లెక్క పెద్ద సంస్థల గొడవయని తలచు పాఠకునకు ఒక చిన్న సంగతి చెప్పవలెను. ఒక కంపెనీ కార్యాలయమునకై భవనమును అద్దెకు తీసికొని, యజమానికి పదిలక్షల రూపాయలు అడ్వాన్సు ఇచ్చినది. అయిదేండ్ల పిదప వడ్డీలేకుండ తిరిగి వచ్చును. పాత లెక్కలలో ఆ పది లక్షలును పదిలక్షలుగనే అయిదేండ్లును కనబడుచుండెను. ఇప్పుడట్లు కాదు. అట్టి సొమ్ముపై విపణిలో ఎనిమిది శాతము వడ్డీ వచ్చునన్నచో, అయిదేండ్లకు చేతికందు పదిలక్షల నేటి మూల్యము 6,80,583 రూపాయలు మాత్రమే. తక్కిన 3,19,417 రూపాయలు యజమానికి మనము వేరొక రూపమున ముందుగా ఇచ్చిన అద్దె. లెక్కలలోను ఆ భవనమును వాడుకొను హక్కు విలువలో చేరును. వడ్డీలేని అడ్వాన్సు వెనుక ఇద్దరికిని తెలిసియు ఎవరును వ్రాయని ఆ ఒప్పందమును ఈ లెక్క వెలికి తీసి కాగితముపై పెట్టుచున్నది. అడ్వాన్సు ఇచ్చి ఇల్లు అద్దెకు తీసికొన్న ప్రతి గృహస్థుడును తన సొమ్మును ఇట్లు లెక్కగట్టి చూచుకొనవచ్చును.

మూడవ మెట్టు అనుమానము. స్టాక్ ఎక్స్ఛేంజికి ఎక్కని కంపెనీలో వాటా, పోలికకు మరియొకటి దొరకని ఒప్పందము, ఇట్టివాని విషయమున, భవిష్యత్తులో వచ్చు రాబడిని ఊహించి, నేటికి తగ్గించి, ధర కట్టుటకంటె గత్యంతరము లేదు. ఒక కంపెనీ వచ్చే యేడు పదికోట్ల రూపాయలు మిగుల్చుననియు, ఆ మిగులు యేటేట అయిదు శాతము చొప్పున ఎడతెగక పెరుగుననియు, ఇట్టి సాహసమునకు పెట్టుబడిదారు పదమూడు శాతము ప్రతిఫలము కోరుననియు అనుకొందము. ఆ కంపెనీ మూల్యము 125 కోట్లు. పదమూడు స్థానమున పదునాలుగు వ్రాయుడు: 111 కోట్లు. పండ్రెండు వ్రాయుడు: 143 కోట్లు. పండ్రెండుతోపాటు పెరుగుదలను అయిదునుండి ఆరునకు మార్చుడు: 167 కోట్లు. కంపెనీలో ఒక్క యంత్రమును కదలలేదు, ఒక్క పనివాడును చేరలేదు. కాగితముపై రెండంకెలు ఒక్కొక్క శాతము జరిగినవి, నలువది కోట్లకు పైగా పుట్టుకొని వచ్చినవి.

ఆపద అంతయు ఇచ్చటనే ఉన్నదని ప్రమాణకర్తలు ఎరుగకపోలేదు. కావుననే మూడవ మెట్టుపై నిలిచిన అంకెలకు వారు విధించిన నియమములు కఠినములు. ఏ ఊహలతో ధర కట్టిరో ఆ ఊహలను అంకెలతో సహా ప్రకటింపవలెను. ఊహ ఇటు అటు జరిగినచో మూల్యమెంత మారునో చూపవలెను. సంవత్సరారంభమున ఈ మెట్టుపైనున్న మొత్తము, కొన్నది, అమ్మినది, లాభనష్టములుగా వ్రాసినది, పై మెట్ల నుండి దిగివచ్చినది, సంవత్సరాంతమున మిగిలినది, అన్నియు ఒక పట్టికగా పేర్చవలెను. వార్షిక నివేదికలో సన్నని అక్షరములతో ఉండు ఈ పుటను చదువువారు తక్కువ. నేనైతే లాభమెంత అని చూచుటకు ముందే ఈ పుటను తెరచి చూచెదను. నిరుడు రెండవ మెట్టుపైనున్న ఆస్తి ఈ యేడు మూడవ మెట్టునకు దిగినదన్నచో, పోల్చిచూచుటకు కావలసిన లావాదేవీలు విపణిలో అడుగంటినవన్నమాట. ఆ వార్త లాభముల వార్తకంటె ముందు తెలియవలసినది.

ఇక మిగిలినది శబ్దము, అనగా ఆప్తవాక్యము. బ్రోకరు చెప్పిన ధర, మదింపుదారు ఇచ్చిన ధ్రువపత్రము ఈ కోవలోనివి. మన శాస్త్రకారులు శబ్దమునకు ప్రత్యేక స్థానమిచ్చిరి. లెక్కల ప్రమాణకర్తలు ఈయలేదు. బ్రోకరు నోటిమాటను తీసికొనవచ్చును, కాని ఆ మాట వెనుకనున్నది నిజముగా జరిగిన లావాదేవీయా, లేక అతని అంచనాయా అని సంస్థ విచారింపవలెను. ఆ ధరకు నేనే కొందునని కట్టుబడి చెప్పినదానికి ఎక్కువ బరువు, ఉజ్జాయింపుగా చెప్పినదానికి తక్కువ బరువు. ఎంతటి పేరుపొందిన మదింపుదారు చేవ్రాలు చేసినను, మూడవ మెట్టు అంకె మొదటి మెట్టు ఎక్కదు.

ఆస్తులన్నింటిని ఇట్లే కొలువవలెనన్న నియమము లేదు. అసలును వడ్డీని రాబట్టుకొనుటకే ఉంచుకొన్న సాధారణ ఋణములు, బాండ్లు పాత పద్ధతిలోనే ఉండవచ్చును. కాని వాని సముచిత మూల్యమును అనుబంధములలోనైనను చెప్పవలెను. సిలికాన్ వ్యాలీ బ్యాంకు రెండు అంకెలు చూపుటకు కారణము అమెరికాలోని ఇట్టి నియమమే.

అప్పుల సంగతి ఇంతకంటె విచిత్రమైనది. ఒక సంస్థ తాను చెల్లింపవలసిన అప్పును సముచిత మూల్యముతో కొలుచునప్పుడు, ఆ సంస్థ చెల్లించునో లేదో అన్న సందేహమును గూడ ఆ ధరలో చేర్చవలెను. సంస్థ పరపతి తగ్గినకొలది దాని బాండ్ల ధర పడును. బాండ్ల ధర పడినదనగా దాని అప్పు మూల్యము తగ్గినది. అప్పు తగ్గినదనగా లాభము వచ్చినది! 2011 జూలై నుండి సెప్టెంబరు వరకు గల మూడు నెలలలో మోర్గన్ స్టాన్లీ సంస్థ ఈ విధముగా 340 కోట్ల డాలర్లను రాబడిలో చూపెను. అది ఎట్లు వచ్చినదో ఆ సంస్థయే విడమరచి చెప్పినది. నియమమును తు.చ. తప్పక పాటించినందువలననే ఈ ఫలితము కలిగెను. అంకగణితము తప్పని చెప్పజాలము. ఆనాడు ఆ సంస్థ తన బాండ్లను తానే విపణిలో కొన్నచో తక్కువ ధరకే దొరకియుండును. కాని పరపతి దిగజారుటను లాభములలో వ్రాసికొనుట సామాన్యుని వివేకమునకు పొసగదు. 2014లో తుదిరూపు దాల్చిన ప్రమాణమున అంతర్జాతీయ మండలి ఈ మార్పును లాభనష్టముల నుండి తప్పించి ఇతర సమగ్ర ఆదాయమను వేరొక గదిలో పెట్టించినది. ఆర్థిక సాధనములకు సంబంధించిన మన ఇండ్ ఏఎస్ 109 కూడ సాధారణముగా ఆ మార్గమునే అనుసరించెను. ఆ దిద్దుబాటు ఆలస్యముగా వచ్చినను అవశ్యమైనదే.

సముచిత మూల్యముపై అన్నింటికంటె పెద్ద దాడి 2008లో జరిగెను. అమెరికా ప్రమాణము అమలులోనికి వచ్చిన మొదటి సంవత్సరముననే గృహఋణములపై ఆధారపడిన బాండ్ల విపణి గడ్డకట్టెను. సెప్టెంబరు 15న పెట్టుబడి బ్యాంకు లేమన్ బ్రదర్స్ దివాలా తీసెను. కొనువాడు లేని బాండ్లకు ధర యేది? ఎవడో తెగనమ్మిన ధరను మా లెక్కలలో వ్రాయించి మా మూలధనమును హరించుచున్నారని, ఆ లోటును పూడ్చుకొనుటకు మేమును తెగనమ్మవలసి వచ్చుచున్నదని, అందువలన ధర మరింత కూలుచున్నదని బ్యాంకులు మొరపెట్టుకొనెను. ఈ మొరలో సత్యము లేకపోలేదు. అక్టోబరు 3న చేసిన చట్టములో అమెరికా శాసనసభ ఈ నియమముపై విచారణ జరుపుమని సెక్యూరిటీస్ ఎక్స్ఛేంజి కమిషనును ఆదేశించెను. డిసెంబరు 30న వెలువడిన నివేదిక నియమమును ఆపివేయరాదని, మెరుగుపరుపవలెనని చెప్పెను. మరుసటి యేడు ఏప్రిల్‌లో, విపణి నిస్తేజమైనప్పుడు జరిగిన అమ్మకము క్రమబద్ధమైనదా కాదా అని తేల్చుకొను మార్గమును ప్రమాణ మండలి వివరించెను. ఆ నివేదికతో నేను ఏకీభవించుచున్నాను. ఏలయన, 1980వ దశకములో అదే దేశమున పొదుపు బ్యాంకులు, పెరిగిన వడ్డీరేట్ల వలన తమ పాత గృహఋణముల విలువ కరిగిపోయినను, పాత అంకెలనే చూపుకొనుచు సంవత్సరముల తరబడి నెట్టుకొని వచ్చినవి. తుదకు ఆ భారము పన్ను చెల్లించు ప్రజలపై పడెను.

మన దేశములో ఈ మూల్యము సామాన్యుని తాకునది మ్యూచువల్ ఫండ్ల ద్వారమున. ఫండులోని బాండ్ల ధర నిజమునకు మించి కట్టబడినచో, ముందుగా యూనిట్లు అమ్ముకొని వెడలిపోవువాడు ఆ అధిక ధరను పట్టుకొనిపోవును. ఆ లోటును భరించువాడు నమ్మి నిలిచినవాడు. కనుకనే పెట్టుబడుల విపణిని నియంత్రించు సెబీ 2020 ఏప్రిల్ 1 నుండి, ఎంత చిన్న గడువు బాండునైనను పాత పద్ధతిలో వడ్డీ కూర్చుచు పోక, దినదినము విపణి ధరకు కట్టవలెనని ఫండ్లను శాసించెను. రిజర్వు బ్యాంకును 2024 ఏప్రిల్ 1 నుండి బ్యాంకుల పెట్టుబడులకు ఈ మూడు మెట్ల విధానమును తెచ్చుచు, మూడవ మెట్టు ఆస్తులపై కాగితములలో మాత్రమే కనబడు నికర లాభము నుండి డివిడెండు పంచరాదనియు, ఆ లాభమును బ్యాంకు ప్రధాన మూలధనము నుండి తీసివేయవలెననియు విధించెను. అనుమానముతో తేలిన లాభమును చేతిసొమ్మువలె ఖర్చుచేయరాదన్న ఈ నియమము మన నియంత్రణలోని ఉత్తమాంశములలో ఒకటి.

ఇట్టి విచారణకు మన దేశమున చక్కని పరీక్షగా నిలిచినవి బ్యాంకులు జారీచేయు ఏటీ1 బాండ్లు. వీనికి గడువు లేదు. కాని సాధారణముగా అయిదేండ్లు నిండిన పిదప బ్యాంకు వానిని వెనుకకు తీసికొనవచ్చును, తీసికొనునని అందరును నమ్ముదురు. ఆ నమ్మకముతోనే ఫండ్లు వానికి అయిదేండ్ల బాండ్లవలె ధర కట్టుచుండెను. 2020 మార్చిలో యస్ బ్యాంకు సంక్షోభమున 8,400 కోట్ల రూపాయలకు పైబడిన ఇట్టి బాండ్లు సున్నయై పోగా, భయము పుట్టెను. 2021 మార్చి 10న సెబీ, గడువులేని బాండ్లను జారీ అయిన నాటి నుండి నూరేండ్ల బాండ్లుగా భావించి మూల్యము కట్టవలెనని ఉత్తర్వు చేసెను. గడువు అయిదు నుండి నూరునకు పెరిగినచో ధర ఎట్లు పడునో పై లెక్క చూచినవారికి తెలియును. ఆర్థిక మంత్రిత్వశాఖ ఉత్తర్వును ఉపసంహరింపుమని లేఖ వ్రాసెను. 22వ తేదీన సెబీ మెత్తబడి, ఈ బాండ్లను మొదట పదేండ్లు, పిదప ఇరువది, ముప్పది, 2023 ఏప్రిల్ నుండి నూరు అని మెట్లు కట్టెను.

తరువాత ఈ ప్రశ్న లెక్కల, ఆడిటుల నియంత్రక సంస్థయైన నేషనల్ ఫైనాన్షియల్ రిపోర్టింగ్ అథారిటీ యెదుటకు వచ్చెను. ఆ సంస్థ ఒప్పందపు అక్షరమును గాని, నియంత్రకుని భయమును గాని ఆధారముగా తీసికొనక, ఇండ్ ఏఎస్ 113 నిర్వచనమునకే మరలెను: విపణిలోని భాగస్వాములు ఈ బాండ్లను ఏ లెక్కతో కొని అమ్ముకొనుచున్నారు? వారు వెనుకకు తీసికొను తేదీని చూచియే ధర చెప్పుకొనుచున్నచో మూల్యమును ఆ తేదీ ప్రకారమే కట్టవలెను. 2024 ఆగస్టులో సెబీ ఈ మాటను అంగీకరించి ఏటీ1 బాండ్ల మూల్యమును ఆ విధముగా మార్చెను. మూల్యము తప్ప తక్కిన ప్రయోజనములన్నింటికిని, అనగా ఫండు ఎంత కాలమునకు చిక్కువడియున్నదో కొలుచునప్పుడు, నూరేండ్ల లెక్క యథాతథముగా కొనసాగవలెనని ఆ ఉత్తర్వులోనే చేర్చెను. ఒకే బాండునకు ధర కట్టునప్పుడొక గడువు, ఆపదను కొలుచునప్పుడొక గడువు ఉండుట పొరపాటు కాదు; ధర యనునది కొనువాని నమ్మకమును చెప్పవలెను, ఆపద యనునది ఆ నమ్మకము వమ్మైననాటి స్థితిని చెప్పవలెను.